రెజిన్ రేస్ కారు ‘వారాంతంలో పూర్తి’ అవుతుందా? చక్కర్లు కొడుతున్న సలహాకు ఖండన

అసలు వాహనాల్ని చిన్న కొలతలో అచ్చంగా చేసే స్కేల్ మోడల్స్ కట్టేవాళ్ల మధ్య ఒక సలహా చేతులు మారుతూ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: “రెజిన్ రేస్ కారు కిట్ అంటే భయపడక్కర్లేదు. అదీ ప్లాస్టిక్కే. పార్టులు శుభ్రంగానే వస్తాయి, కడగడం దండగ. చిన్న చిన్న బుడగల్ని ప్రైమర్ కప్పేస్తుంది. వంగిన పార్టు ఉంటే పారేసి కొత్తది అడగండి. సూపర్ గ్లూ ఒక్కటుంటే అన్నీ అతుకుతాయి. చివర్లో క్లియర్ (రంగులేని మెరుపు పూత) మందంగా కొడితే అసలు కారులా మెరుస్తుంది. కిటికీ తెరిచి పెట్టుకుంటే చాలు, మాస్కూ గీస్కూ వద్దు. శుక్రవారం మొదలుపెడితే ఆదివారం రాత్రికి షోకేసులో ఉంటుంది.”

భయపడక్కర్లేదన్న మాట నిజం. మిగతా ఏ ఒక్కటీ అలాగే పాటించదగ్గది కాదు. రెజిన్ కిట్‌లో రంగు నిలుస్తుందా, పెచ్చులూడుతుందా అన్నది రంగు డబ్బా మూత తీయకముందే తేలిపోతుంది. ఈ సలహా తీసెయ్యమంటున్నది సరిగ్గా ఆ ముందు పనినే.

“అదీ ప్లాస్టిక్కే.”

ప్లాస్టిక్కే, కానీ మామూలు ఇంజెక్షన్ కిట్లలో ఉండే పాలీస్టైరీన్ కాదు. పోత పోసిన రెజిన్ కిట్లలో ఎక్కువగా వాడేది పాలీయురెథేన్. రెండు ద్రవాలు కలిపి సిలికాన్ రబ్బరు అచ్చులో పోస్తారు, నిమిషాల్లో గట్టిపడుతుంది. ప్లాస్టిక్ సిమెంట్ పాలీస్టైరీన్‌ను కరిగించి రెండు అంచుల్నీ ఒకటిగా కలుపుతుంది. గట్టిపడిన పాలీయురెథేన్ ఆ ద్రావకానికి కరగదు. కాబట్టి ఆ సిమెంట్ పెడితే అతికినట్టు కనిపించినా ఆరాక చేత్తో లాగితే ఊడొస్తుంది.

పైగా కిట్ అంతా రెజిన్ కూడా కాదు. జపాన్‌కు చెందిన మోడల్ ఫ్యాక్టరీ హిరో కిట్ తెరిస్తే రెజిన్, వైట్ మెటల్ (మెత్తటి తగరపు మిశ్రలోహం), ఎచ్ చేసిన, అంటే రసాయనంతో కోసిన పలచని లోహపు రేకులు, రబ్బరు టైర్లు, డెకాల్స్ (నీళ్లలో నానబెట్టి అంటించే స్టిక్కర్లు) ఒకే పెట్టెలో ఉంటాయి. ఒక్కోదానికి ఒక్కో పద్ధతి. ఇక త్రీడీ ప్రింటర్‌లో తీసిన రెజిన్ పూర్తిగా వేరే పదార్థం. అది కాంతి తగిలి గట్టిపడే రకం. దాన్ని ఆల్కహాల్‌లో కడిగి, అతినీలలోహిత కాంతి కింద పూర్తిగా గట్టిపరచాలి. లోపల బోలుగా ఉన్న పార్టులో తడి రెజిన్ మిగిలితే కొన్నాళ్లకు అది చెమర్చి బయటికి వస్తుంది, పైనున్న రంగు చిట్లుతుంది. కాంతి కింద మరీ ఎక్కువసేపు ఉంచినా పార్టు పెళుసుబారుతుంది.

“కడగడం దండగ.”

ఈ సలహాలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే మాట ఇదే. పోత సులువుగా ఊడిరావడానికి అచ్చు లోపల జారుడు పూత కొడతారు. దాంట్లో చాలాసార్లు సిలికాన్ ఉంటుంది. అది పార్టు మీద కంటికి కనిపించని పొరగా మిగిలిపోతుంది. ప్రైమర్ దాని మీద పడగానే చేపకళ్లలాంటి గుండ్రటి గుంటలు తేలతాయి. కొన్నిసార్లు అదీ కనిపించదు, అంతా బాగానే ఉన్నట్టుంటుంది. అసలు గండం మాస్కింగ్ టేప్ లాగే రోజున వస్తుంది. 1991లో ఫ్రాన్స్‌లోని 24 గంటల రేసు లె మాన్ గెలిచిన 55 నంబరు మాజ్దా 787బి కారునే తీసుకోండి. నారింజ, ఆకుపచ్చ రంగుల మధ్య అంచులన్నీ టేపుతోనే తీయాలి. కడగని బాడీ మీద ఆ టేపు లాగితే రంగు, ప్రైమర్ రెండూ రెజిన్ కనిపించేలా ఊడొస్తాయి. అప్పుడు చేయగలిగింది మొత్తం గీకేసి మళ్లీ మొదలుపెట్టడమే.

కడిగే పద్ధతి కష్టమేం కాదు. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు వేసి, పార్టుల్ని 10 నుంచి 15 నిమిషాలు నానబెట్టాలి. మెత్తటి టూత్‌బ్రష్‌తో లోపలి మూలలతో సహా రుద్ది, మంచి నీళ్లతో రెండుసార్లు జాడించాలి. ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, 600 లేదా 800 నంబరు సాండ్‌పేపర్‌తో నీళ్లు తగిలిస్తూ తేలిగ్గా గరుకు చేయాలి. శుభ్రమైందో లేదో తెలుసుకోవడానికి నీటి పరీక్ష ఉంది. బాడీ మీద నీళ్లు పోస్తే పలచటి పొరలా సమంగా పరుచుకోవాలి. ఎక్కడైనా ముత్యాల్లా విడిపోతే అక్కడ పూత ఇంకా ఉన్నట్టే. ఆ తర్వాత వట్టి వేళ్లతో బాడీని పట్టుకోకూడదు. వేలి జిడ్డు కూడా అదే పని చేస్తుంది.

“బుడగల్ని ప్రైమర్ కప్పేస్తుంది.”

కప్పదు. పైన పొర కట్టి గాలిని లోపల బంధిస్తుంది. తర్వాతి పూతలోని ద్రావకమో, కాస్త వేడో తగలగానే ఆ పొర కుంగుతుంది, లేదా పగిలి సూదిమొన చుక్క బయటపడుతుంది. పైకి కనిపించే గుంటల కంటే ఉపరితలం కింద దాక్కున్న బుడగలే ప్రమాదం. అచ్చు అతుకు గీతను రుద్దుతున్నప్పుడు అవి ఒక్కొక్కటే తెరుచుకుంటాయి. రెక్కల అంచులు, చక్రాల తోరణాల పెదవులు, అద్దాల కాడలు వీటికి ఇష్టమైన చోట్లు.

చేయాల్సింది ముందు గుంటను పెద్దది చేయడం. వినడానికి వింతగా ఉంటుంది గానీ, సన్నటి రంధ్రంలోకి పుట్టీ దిగదు, మూతిమీదే ఆగుతుంది. చేతి డ్రిల్‌లో 0.5 మిల్లీమీటర్ల బిట్ పెట్టి బుడగ అడుగుదాకా తెరవాలి. చిక్కటి సూపర్ గ్లూలో టాల్కమ్ పొడి కలిపి సూదితో నింపాలి. బేకింగ్ సోడా కలిపితే క్షణంలో గట్టిపడుతుంది, కానీ చుట్టూ ఉన్న రెజిన్ కంటే రాయిలా తయారై, రుద్దితే పక్కనున్నది అరిగి అదొక్కటే బొడిపెలా మిగులుతుంది. సూపర్ గ్లూ ఏ రూపంలో నింపినా అరగంట, గంటలోపే రుద్దేయాలి. మర్నాటికి అది మరింత బిగుసుకుంటుంది. పెద్ద లోట్లకు హార్డెనర్ కలిపే పాలియెస్టర్ పుట్టీ మేలు. ట్యూబులో వచ్చే లాకర్ (ద్రావకం ఆవిరై గట్టిపడే రకం) పుట్టీ ద్రావకం ఆవిరయ్యే కొద్దీ కుంచించుకుపోతుంది. ఇవాళ సమంగా ఉన్న చోట వారం తర్వాత గుంట పడుతుంది.

ప్రైమర్‌కు ఇక్కడ అసలు ఉద్యోగం లోపాల్ని చూపించడం. బూడిదరంగు ప్రైమర్ పలచగా కొట్టి, వాలు వెలుతురులో తిప్పి చూసి, కనిపించినవి దిద్ది, మళ్లీ కొట్టాలి. రెండు మూడు విడతలు మామూలే. 1978 నాటి ఫార్ములా వన్ కారు లోటస్ 79 లాంటి నల్ల కారు కడుతుంటే ఇంకో విడత కలుపుకోండి. నిగనిగలాడే నలుపు ఏ అలనూ దాచదు.

“వంగిన పార్టు పారేయండి.”

పారేయక్కర్లేదు. పాలీయురెథేన్ కరగదు గానీ వేడికి మెత్తబడుతుంది. దాదాపు 70 డిగ్రీల నీళ్లలో రెక్క లాంటి పలచటి పార్టును అర నిమిషం నుంచి నిమిషం ఉంచి, అద్దం పలక మీద నొక్కిపట్టి, అలాగే చన్నీళ్లలో ముంచితే ఆ ఆకారంలో నిలుస్తుంది. ఒకేసారి సరిచేయాలని గట్టిగా వంచితే విరుగుతుంది. రెండు మూడు దఫాలుగా తేవాలి. మంట మాత్రం చూపించొద్దు. వేడి తగిలితే మళ్లీ పాత వంపుకు పోయే గుణం రెజిన్‌కు ఉంది కాబట్టి, పొడవాటి రెక్కల్ని ఇత్తడి తీగ గుచ్చి చివరి పలకలకు బిగించడం మంచిది. పూర్తయిన మోడల్‌ను ఎండ పడే కిటికీ దగ్గర పెట్టకూడదు.

“క్లియర్ మందంగా కొడితే అసలు కారులా మెరుస్తుంది.”

లెక్క వేసి చూద్దాం. 1/24 స్కేలులో 0.1 మిల్లీమీటరు పూత అంటే అసలు కారు మీద 2.4 మిల్లీమీటర్లు. నిజమైన కారుకు ప్రైమర్, రంగు, క్లియర్ అన్నీ కలిపినా ఇంచుమించు 0.1 మిల్లీమీటరే ఉంటుంది. తలుపు సందు అసలు కారులో 4 మిల్లీమీటర్లు అనుకుంటే మోడల్‌లో 0.17 ఉండాలి. కిట్‌లో 0.3 మిల్లీమీటర్ల గీత ఉండి, దాని రెండు గోడల మీదా 0.1 చొప్పున పూత పేరుకుంటే మిగిలేది 0.1. పైగా ద్రవం అడుగుకు జారి లోతును కూడా తినేస్తుంది. మందపు క్లియర్ కొట్టిన మోడల్ పాకంలో ముంచి తీసినట్టు కనిపించడానికి కారణం ఇదే. మెరుపు ఉంటుంది, కారు ఉండదు. అందుకే గీతల్ని ప్రైమర్‌కు ముందే గీత పనిముట్టుతో లోతు చేసుకోవాలి, ప్రైమర్ తర్వాత ఇంకోసారి నడపాలి.

మందపు పూతతో మరో నష్టం డెకాల్స్‌కు. లాకర్ క్లియర్‌లోని ద్రావకం తడిగా పడితే డెకాల్ ముడతలు పడుతుంది, సిరా కరిగి పాకుతుంది. డెకాల్స్ వేశాక కనీసం 24 గంటలు, వీలైతే 48 గంటలు ఆరనివ్వాలి. మొదటి రెండు మూడు పూతలు మంచు తుంపరలా, ఒక్కోదానికి 15 నుంచి 20 నిమిషాల ఎడంతో వేయాలి. ఆ పొర గట్టిపడ్డాకే తడి పూత, అదీ ఒకటి రెండు. మెరుపు మందంలోంచి రాదు, సమతలం లోంచి వస్తుంది. వారం ఆరాక 2000, 3000 నంబరు సాండ్‌పేపర్‌తో నీళ్లు తగిలిస్తూ రుద్ది, ముతక నుంచి సన్న కాంపౌండ్ దాకా వెళ్తే పలచటి క్లియర్ కూడా అద్దమవుతుంది. మడతల అంచుల మీద మాత్రం సాండ్‌పేపర్ పోనివ్వొద్దు. రంగు మొదట తేలిపోయేది అక్కడే.

రంగు విషయంలో ఒక్క మాట. 1988 ఫార్ములా వన్‌లో 16 రేసుల్లో 15 గెలిచిన మెక్లారెన్ ఎంపీ4/4 మీది ఎరుపు ఫ్లోరసెంట్ రకం. ఆ రంగు పారదర్శకంగా ఉంటుంది. కింద తెలుపు లేకపోతే మసకగా పడుతుంది. తెలుపు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉంటే మచ్చలు తేలతాయి. పూతల సంఖ్య మారితే ఛాయ మారుతుంది కాబట్టి ముక్కు, ఇంజన్ కవర్, రెక్కల పలకలు అన్నీ ఒకే దఫాలో, అన్నిటికీ అన్నే పూతలు లెక్కపెట్టి కొట్టాలి. వెలుతురుకు ఈ రంగు వెలిసిపోతుంది కూడా.

“కిటికీ తెరిస్తే చాలు, మాస్కు వద్దు.”

ఇది మోడల్‌కు కాదు, మనిషికి హాని చేసే మాట. రెజిన్ ధూళి చాలా సన్నం, ఊపిరితిత్తుల లోతుకు పోతుంది. నీళ్లతో రుద్దితే గాల్లోకి లేవదు. ఆ బురదను ఎండకముందే తడి కాగితంతో తుడిచి పారేయాలి, ఎండితే మళ్లీ ధూళే. పొడిగా కోయడం, డ్రిల్ చేయడం తప్పనప్పుడు ఎన్95 స్థాయి మాస్కు ఉండాలి. స్ప్రే చేసేటప్పుడు ఆ మాస్కు పనికిరాదు. ద్రావకపు ఆవిరికి బొగ్గు కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ కావాలి.

హార్డెనర్ కలిపే టూకే క్లియర్ సంగతి ఇంకా తీవ్రం. ఆ హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. అవి ఉబ్బసం తెచ్చిపెట్టగలవు. ఒకసారి ఒంటికి పడకుండా పోయాక అతి కొద్ది మోతాదు కూడా ఊపిరాడనివ్వదు. బయటి నుంచి శుభ్రమైన గాలి అందించే మాస్కు, బయటికి గాలి లాగే బూత్ లేనివాళ్లు టూకే జోలికి వెళ్లొద్దు. లాకర్ క్లియర్‌తో వచ్చే ఫలితం ఏ షోకేసుకైనా సరిపోతుంది. ప్రింటర్ రెజిన్ తడిగా ఉన్నప్పుడు నైట్రైల్ గ్లవ్స్ లేకుండా ముట్టుకోవడం కూడా ఇలాంటి తప్పే.

“ఆదివారం రాత్రికి షోకేసులో.”

కడిగి ఆరబెట్టడానికి ఒక రాత్రి. పుట్టీకి ఒక రోజు. ప్రైమర్ విడతలకు రెండు రోజులు. రంగుకు రెండు, డెకాల్స్‌కు రెండు, క్లియర్ గట్టిపడటానికి వారం. చేతిపని అసలు లెక్కపెట్టకుండానే రెండు వారాలు. ఇవి బద్ధకపు రోజులు కావు, ద్రావకం బయటికి పోవడానికి పట్టే రోజులు. పైన ఆరినట్టున్నా లోపల తడిగా ఉన్న పూత మీద ఇంకో పూత వేస్తే చిట్లుతుంది. 40 డిగ్రీలు దాటని ఆరబెట్టే పెట్టె ఉంటే కొంత తగ్గించుకోవచ్చు. అంతకంటే వేడి పెంచితే బాడీ వంగొచ్చు. ఆ ఎదురుచూసే రోజుల్లోనే వైట్ మెటల్ సస్పెన్షన్ చేతులు ఆకురాయితో నునుపు చేసుకోవచ్చు, సీటు బెల్టుల ఎచ్ రేకుల్ని మంటలో మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి మెత్తబరచుకోవచ్చు.

“సూపర్ గ్లూ ఒక్కటుంటే చాలు.”

రెజిన్‌కు మొదటి జిగురు అదే, అందులో వివాదం లేదు. కానీ అది లాగుడికి గట్టి, దెబ్బకు పెళుసు. బరువు మోసే అతుకుల్లో, అంటే రెజిన్ చాసిస్‌కు వైట్ మెటల్ సస్పెన్షన్ కలిసే చోట, రెండు వైపులా రంధ్రం చేసి 0.5 నుంచి 0.8 మిల్లీమీటర్ల ఇత్తడి తీగ గుచ్చి ఎపాక్సీ పెట్టాలి. ఎపాక్సీ ఇచ్చే అయిదు నిమిషాల వ్యవధి ఇక్కడ వరం. కారును అద్దం పలక మీద పెట్టి నాలుగు చక్రాలూ తాకుతున్నాయో లేదో, ముందు నుంచి చూస్తే నిటారుగా ఉన్నాయో లేదో సరిచేసుకోవచ్చు. సూపర్ గ్లూ ఆ అవకాశం ఇవ్వదు, ఒక చక్రం గాల్లో ఉండగానే బిగుసుకుంటుంది.

గాజు దగ్గర మాత్రం సూపర్ గ్లూ సీసా తెరవనే వద్దు. దాని ఆవిరి పారదర్శకపు షీటు మీద, పక్కనున్న మెరిసే రంగు మీద తెల్లటి పొగలా పేరుకుంటుంది. వాక్యూమ్ పద్ధతిలో తీసిన విండ్‌స్క్రీన్‌ను గీతకు ఒక మిల్లీమీటరు బయటగా కత్తిరించి, సాండ్‌పేపర్‌తో కొద్దికొద్దిగా తగ్గిస్తూ పది సార్లయినా పెట్టి చూసుకోవాలి. కూర్చున్నాక తెల్ల పీవీఏ జిగురు సన్నటి బ్రష్‌తో అంచు వెంట పూయాలి. ఎక్కువైతే తడి కాటన్ బడ్‌తో తుడిస్తే పోతుంది, ఆరాక గీత కనిపించదు. కొన్ని కిట్లలో ఈ షీటు రెండేసి ఇస్తారు. మొదటిదాన్ని కొలత తెలుసుకోవడానికి వాడుకుని, రెండోదాన్ని కారుకు పెట్టండి.