మహారాజశ్రీ మారు వడ్డన గారికి

మహారాజశ్రీ మారు వడ్డన గారి దివ్య సముఖానికి, 20 ఏళ్లుగా మీ ముందు కంచం పడుతున్న గుంటూరు జిల్లా అల్లుడు ఒకడు రాసుకునే విన్నపం.

ఉత్తరం మొదట్లో 'ఉభయకుశలోపరి' అని రాయడం మన పెద్దల అలవాటు. ఈసారి ఆ మాట రాయలేను. మీరు కుశలమే, చూస్తూనే ఉన్నాను. నా కుశలం మాత్రం ఐదు నెలల కింద ల్యాబు వాళ్లు చేతిలో పెట్టిన రెండు పేజీల్లో ఉంది. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.1. అది 5.7కి చేరితే షుగర్ వాకిట్లో నిలబడ్డట్టు, 6.5కి చేరితే లోపలికొచ్చి కుర్చీ లాక్కున్నట్టు. రక్తంలో తిరిగే కొవ్వు, అంటే ట్రైగ్లిజరైడ్లు 240, అవి 150 లోపు ఉండాలట. ఇంకా అయిపోలేదు. డాక్టరమ్మ సొరుగులోంచి టేపు తీసింది. నడుము కొలతంటే ప్యాంటు సైజే కదా అని "34 అండీ" అన్నాను ధీమాగా. ఆవిడ నవ్వి, బొడ్డు మీదుగా టేపు తిప్పి "98 సెంటీమీటర్లు" అంది. మన దేశంలో మగవాళ్లకి 90, ఆడవాళ్లకి 80 దాటకూడదట. నా ప్యాంటు ఇన్నేళ్లూ 34 దగ్గరే ఎలా ఆగిందో అప్పుడర్థమైంది. అది నడుము మీద లేదు, పొట్ట కింద తలదాచుకుంటోంది.

"అన్నం ఎంత తింటారు?" అని అడిగింది. "మామూలుగానే" అన్నాను. ఆ మామూలు ఎంతో చూద్దామని ఇంటికొచ్చి వంటింట్లో ఉన్న చిన్న కాటా మీద కంచం పెట్టాను. మొదట వడ్డించుకున్న అన్నం 210 గ్రాములు. తర్వాత కూరలోకి ఒకసారి, చారులోకి ఒకసారి, పెరుగులోకి ఒకసారి తమరు వేంచేశారు. నేను లేచేసరికి 620. ఒక్క అన్నం నుంచే దాదాపు 800 కేలరీలు. 'నేను తినేది గుప్పెడే' అని పెళ్లిళ్లలో ప్రమాణాలు చేసే మనిషిని నేను. ఆ గుప్పెడూ నాదే, ఒప్పుకుంటాను. మిగతా 410 గ్రాములు తమవి.

అసలు మన భాషే మీ పార్టీ. భోంచేశావా అనడానికి 'అన్నం తిన్నావా' అంటాం. ఏం వండారని అడగం, 'అన్నంలోకి ఏంటి' అంటాం. అంటే పప్పు, వేపుడు, పులుసు, పచ్చడి, ఇవన్నీ అన్నాన్ని లోపలికి తోసే ఏర్పాట్లన్నమాట. చెంచాడు ఆవకాయ ఒంటరిగా పోదు, నాలుగు ముద్దల్ని చెయ్యి పట్టుకుని తీసుకుపోతుంది. ఆరు ఇడ్లీలు తిన్నవాణ్ని అడగండి, 'ఇంకా అన్నం తినలేదండీ' అంటాడు నీరసంగా. ఇడ్లీ రవ్వ అంటే బియ్యం రవ్వేనని వాడికి చెప్పే ధైర్యం ఎవరికుంది?

అయినా మీ పుట్టుక మంచిదే. మీరు ఆకలిలో పుట్టుంటారని నా ఊహ. 1832–33లో మా గుంటూరు సీమని కరువు ఊడ్చేసింది. నందన నామ సంవత్సరంలో వచ్చింది కాబట్టి నందన కరువన్నారు. అలాంటి రోజులు చూసినవాళ్లు విస్తరి ముందు కూర్చున్న మనిషికి ఇంకో గరిటెడు వెయ్యడం పుణ్యం అనుకున్నారంటే తప్పేముంది? 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది, కాలవలొచ్చాయి, వరి వచ్చింది. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు వచ్చినవాళ్లకి లేదనకుండా వండి పెట్టి పేరు తెచ్చుకున్నారు. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో బియ్యం రెండు రూపాయలకే ఇచ్చింది. 1986లో బాపట్ల నుంచి బీపీటీ 5204 వచ్చింది, మనం సాంబ మసూరి అంటామే, అది. దంపుడు బియ్యం పోయి, తవుడంతా పోగొట్టుకుని మల్లెపూవులా తెల్లబడ్డ పాలిష్ బియ్యం వచ్చింది. మా తాత రోజంతా దుక్కి దున్ని మీకు స్వాగతం చెప్పేవాడు. నేను రోజంతా కుర్చీలో కూర్చుని, లిఫ్టెక్కి, బండెక్కి వచ్చి చెబుతున్నాను. కరువు పోయింది, నాగలి పోయింది. మీరొక్కరే పోలేదు.

మీ ప్రధాన కార్యాలయం భీమవరంలో మా అత్తగారిల్లని నా అనుమానం. అక్కడ 'వద్దండీ' అన్న మాటకి అర్థం లేదు. మొదటిసారి అంటే మర్యాద, రెండోసారి అంటే మొహమాటం, మూడోసారి అంటే వంట మీద విమర్శ. విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే వేళ్ల సందుల్లోంచి వేస్తారు. పెళ్లైన మొదటి సంక్రాంతికి నేను నిజంగానే చాలన్నాను. "అల్లుడు గారికి చందువా చేప నచ్చలేదేమో" అని మా అత్తగారు గుమ్మం దగ్గర కొంగుతో కళ్లొత్తుకున్నారు. ఆ కన్నీళ్ల ఖరీదు రెండు గరిటెలు. ఇప్పటికీ ప్రతి పండక్కీ కడుతున్నాను, వాయిదాల మీద.

ఇంటి దగ్గర మీ వేషం వేరు. అక్కడ మర్యాదా లేదు, కన్నీళ్లూ లేవు. "ఏమండీ, ఈ కాస్తా వేసేసుకోండి, గిన్నె కడిగేస్తాను." అంతే. రెండు పూటలా ఈ మాట. మా ఫ్రిజ్‌కి ఐదు అరలుంటే, ఆరోది నేను.

మిమ్మల్ని వదిలించుకోవాలని నేనేం చెయ్యలేదని అనుకోకండి. జిమ్ముకి మూడు నెలల ఫీజు కట్టి తొమ్మిది రోజులు వెళ్లాను. జీలకర్ర నీళ్లు తాగాను. రాత్రి అన్నం మానేశానని బంధువులందరికీ చెప్పి, ఆలూ కుర్మాతో నాలుగు చపాతీలు తిని, చివర్లో నాలుక్కి మెతుకు తగలందే నిద్రపట్టదని పెరుగన్నంతో ముగించాను. ఎవరో చెబితే తెలంగాణ సోనా బియ్యం తెచ్చాను. ఆర్‌ఎన్‌ఆర్ 15048 అంటారు, గ్లైసీమిక్ ఇండెక్స్, అంటే తిన్నాక షుగర్‌ని పెంచే వేగం, తక్కువని పేరున్న రకం. మంచి బియ్యమే, నాకే వంకా లేదు. కానీ బస్తా విప్పిన రోజే "ఇది షుగర్ వాళ్లు తినేదేగా, ఏం కాదు, ఇంకాస్త వేసుకోండి" అంటూ మీరు గరిటెతో ప్రత్యక్షం. కొర్రలు వండుకున్నాను. కొర్రన్నానికి కూడా మారు ఉంటుందని అప్పుడే తెలిసింది.

లోపల జరిగేదాన్ని డాక్టరమ్మ చెబుతుంటే నేను బియ్యం మిల్లు భాషలోకి మార్చుకున్నాను, లేకపోతే నాకెక్కదు. అన్నం అరిగి గ్లూకోజుగా రక్తంలోకి రావడమంటే రోడ్డు మీదికి లారీలు రావడం. ఇన్సులిన్ హమాలీ మేస్త్రి. మన కండలు గోడౌన్లు, తొడల్లో ఉన్నవి మరీ పెద్దవి. ఖాళీ ఉంటే సరుకు దిగిపోతుంది. నిన్నటి సరుకు కదలకుండా ఇవాళ రెండో లోడు, మూడో లోడు వస్తే లారీలు బారులు తీరతాయి. మేస్త్రి అరుస్తాడు, ఇంకో నలుగురు మేస్త్రిల్ని పిలుస్తాడు, తలుపు తీసేవాడుండడు. ఇక చేసేది లేక కాలేయం అనే వసారాలో పోస్తారు. అక్కడది కొవ్వుగా మారుతుంది, కొంత ట్రైగ్లిజరైడ్లుగా మళ్లీ రోడ్డెక్కుతుంది, కొంత నా బెల్టు మీదుగా బయటికి తొంగిచూస్తుంది. ఇందులో ఒక్క మంచి కబురుంది. నడుస్తున్నప్పుడు కండ మేస్త్రి కేక కోసం ఎదురుచూడదట. తనే తలుపు తీసి సరుకు లాక్కుంటుందట. అన్నం తిన్న వెంటనే మనం చేసేదేమిటి? నడుం వాల్చడం. లారీలన్నీ వచ్చిన టైముకి గోడౌనుకి తాళం వేసి వెళ్లిపోతాం.

అందుకే, తమకి చెప్పకుండా, ఐదు నెలల కింద ఒక కుట్ర మొదలుపెట్టాను. ముందు కూర తినడం. కంచంలో బెండకాయ వేపుడు, పప్పు, కీరా ముక్కలు, ఉంటే గుడ్డు, ఇవి సగం తిన్నాకే అన్నం. అన్నం ఒక్కసారే, అందులోనే పెరుక్కి కూడా వాటా. మా అత్తగారు వచ్చినప్పుడు ఈ దృశ్యం చూసి "అయ్యో, ఉత్తి కూర తింటున్నారేంటే ఆయన, అన్నం పెట్టవే" అని కూతుర్ని కేకలేశారు. నేను తలొంచుకుని దొంగలా తిన్నాను. అన్నం దాకా వచ్చేసరికి ఆకలి సగం చచ్చి ఉంటుంది, మీరొచ్చి నిలబడ్డా చెయ్యి లేవదు. మిగిలిన అన్నం గిన్నె ఫ్రిజ్‌లోకి పోతుంది. ఐదు అరలూ ఉన్నాయిగా.

తిన్నాక వీధిలో పావుగంట నడక. ఇది చెప్పినంత తేలిక కాదు. మన వీధుల్లో పొద్దున్నే బూట్లేసుకుని నడిస్తే ఆరోగ్యం, రాత్రి ఎనిమిదింటికి లుంగీతో నడిస్తే అనుమానం. "ఏం సార్, కరెంటు పోయిందా?" "ఎవరికోసం చూస్తున్నారు?" "ఇంట్లో ఏమైనా గొడవా?" మూడో రోజుకి వీధి కుక్క కూడా మొరగడం మానేసింది గానీ, ఎదురింటాయన మానలేదు. చివరికి ఆయనా కలిసి నడుస్తున్నాడు, ఆయన ట్రైగ్లిజరైడ్లు నావాటికన్నా ఎక్కువని తెలిశాక నాకు కొంచెం ఊరట.

ఇంకోటి, గుంజీళ్లు. ఆరో తరగతిలో ఎక్కాలు రాకపోతే లెక్కల మాస్టారు తీయించినవే. ఇప్పుడు ఎవరూ బెత్తం చూపించకుండా సాయంత్రం ఇరవై తీస్తున్నాను, చెవులు పట్టుకోకుండా. మొదటివారం మెట్లు దిగుతుంటే మాస్టారే గుర్తొచ్చారు.

మొన్న మళ్లీ పరీక్ష చేయించాను. హెచ్‌బీఏ1సీ 5.8, ట్రైగ్లిజరైడ్లు 168, పొట్ట 93. ఇంకా వాకిట్లోనే ఉన్నాను, కానీ గుమ్మానికి కొంచెం ఎడంగా. ప్యాంటు పాపం నిజమైన నడుము ఎక్కడుందో వెతుక్కుంటోంది.

ఇంతవరకు రాసి, 'ఇక తమరు మా ఇంటికి రావద్దు' అని గట్టిగా ముగిద్దామనుకున్నాను. కానీ ఒకటి దాస్తే ఉత్తరం అబద్ధమవుతుంది. గత ఆదివారం నా చిన్ననాటి స్నేహితుడు భోజనానికొచ్చాడు. పదేళ్లుగా షుగర్ మాత్రలు మింగుతున్నవాడు. గుత్తివంకాయతో ఒకసారి తిని, "చాల్రా" అని కంచం మీద చెయ్యి అడ్డం పెట్టాడు. 

"అదేంట్రా, వంకాయ బాగాలేదా?" అన్నాను.

వాడు నా మొహంలోకి చూశాడు. చెయ్యి తీశాడు. గరిటె నా చేతిలోనే ఉంది.

ఇట్లు,
తమ మాజీ బాధితుడు, తాజా ఏజెంటు.