ఒక సరస్సు, ఐదు జిల్లాలు

ఏప్రిల్ చివర్లో బడులకు సెలవులివ్వగానే బెజవాడ, గుంటూరు ఇళ్లలో ఏటా ఒక కోరిక పుడుతుంది. సరస్సు ఒడ్డున నాలుగు రోజులు ఉండి రావాలి. ఉత్త సరస్సయితే చాలదు. ఒడ్డున ఇసుకుండాలి, ఇసుక దాటగానే ఊరుండాలి, ఊళ్లో చీకటి పడ్డాక కూడా జనం తిరుగుతుండాలి, పిల్లలకు పడవో సైకిలో దొరకాలి, పెద్దవాళ్లకు నీడ, కాఫీ, శుభ్రమైన మరుగుదొడ్డి దగ్గర్లోనే ఉండాలి. ఇవన్నీ ఒకేచోట కావాలి. ఈ "ఒకేచోట" దగ్గరే మన ప్రజల అవగాహనా లోపం బయటపడుతోంది.

అభివృద్ధినంతా ఒకేచోట కుప్పపోస్తే ఎంత అనర్థమో ఈ రాష్ట్రంలో పుట్టినవాళ్లకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. రాజధాని గురించి వాదించుకునేటప్పుడు గుర్తుండే ఈ సంగతి సెలవులప్పుడు మర్చిపోతాం. మన పర్యాటకం మర్చిపోలేదు. నీళ్లు ఒక జిల్లాకు, ఇసుక ఒక జిల్లాకు, పక్షులు ఒక జిల్లాకు, కొండా జలపాతం ఒక జిల్లాకు, టిఫిన్లు ఒక జిల్లాకు పంచి, మరే దేశానికీ లేని వికేంద్రీకృత సరస్సు విహారాన్ని మనకు అమర్చిపెట్టింది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక ఈ పంపకం ఇంకా స్పష్టమైంది. దీని విలువ తెలియాలంటే కేంద్రీకరణకు పాల్పడిన దేశాల దుస్థితి ముందు చూడాలి.

ఇటలీలో గార్డా అని ఒక సరస్సుంది. దాదాపు 370 చదరపు కిలోమీటర్లు. ఉత్తరపు కొసన రీవా, టోర్బోలే ఊళ్లు. అక్కడ గాలికి కూడా టైంటేబుల్ ఉంది: పొద్దున్నే ఉత్తరం నుంచి వీచేది పెలేర్, మధ్యాహ్నం దక్షిణం నుంచి వచ్చేది ఓరా. తెరచాప పలకల మీద నిలబడి నీళ్ల మీద పరుగులు తీసేవాళ్లు ఆ గాలుల్ని నమ్ముకుని రోజును పంచుకుంటారు. ఆ ఉత్తరపు భాగంలో మోటారు పడవలకు అనుమతి లేదు, ఊరికీ ఊరికీ తిరిగే లాంచీలు తప్ప. మాల్చేసినేలో పడవ దిగి నడిస్తే బాల్డో కొండ మీదికి కేబుల్ కారు. ఇంత పెట్టినవాళ్లు ఇసుక మాత్రం పెట్టలేకపోయారు. ఒడ్డు చాలావరకు గులకరాళ్లే. రబ్బరు బూట్లు లేకుండా వెళ్లినవాళ్లు మోకాలి లోతు దాకా అయ్యో అమ్మో అంటూనే దిగుతారు.

హంగరీవాళ్ల బాలటన్ ఇంకో రకం. పొడవు 77 కిలోమీటర్లు, సగటు లోతు మూడు మీటర్ల పైచిలుకు. దక్షిణపు ఒడ్డున నీళ్లలోకి చాలా దూరం నడిచినా నడుము లోతు దాటదు కాబట్టి చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లు అటు దిగుతారు. రాత్రిళ్లు హడావుడి కావాలనుకునేవాళ్లకు షియోఫోక్ అటే ఉంది. ఉత్తరపు ఒడ్డు త్వరగా లోతవుతుంది, కొండలూ ద్రాక్షతోటలూ అటువైపు. దక్షిణపు ఒడ్డు వెంట రైలు కూడా వేశారు. పాపం, కారు అవసరమే రానివ్వలేదు.

అమెరికా సంగతి మనకు వాట్సాప్‌లో తెలుసు. గుంటూరు జిల్లాలో తాహో సరస్సు ఫొటో రాని ఫ్యామిలీ గ్రూపు అరుదు. నీలంగా, అడుగు రాళ్లు కనబడేంత తేటగా ఉంటుంది. ఫొటోలో కనబడనిది చలి. సముద్ర మట్టానికి 1,897 మీటర్ల ఎత్తున, 501 మీటర్ల లోతున్న నీళ్లవి. ఆగస్టులో కూడా పైపొర 20 డిగ్రీల అటూ ఇటూ ఉంటుంది. జూన్‌లో మంచు కరిగిన నీళ్లలోకి ఒక్కసారిగా దూకితే ఊపిరి బిగబట్టేస్తుంది, ఈత వచ్చినవాళ్లకు కూడా మొదటి నిమిషం ప్రమాదమే. పాదాలు, మోకాళ్లు, నడుము అంటూ మెల్లగా దిగాలి. మిషిగన్ సరస్సు ఒడ్డున ఇసుక దండిగా ఉంది. స్లీపింగ్ బేర్ దగ్గర ఇసుక కొండ నీటి నుంచి 450 అడుగులు లేస్తుంది. దిగడం నిమిషాల పని, ఎక్కడం గంటల పని అవుతుందని బోర్డు పెట్టి మరీ చెబుతారు. ఆ సరస్సు నీళ్లూ నిలకడ లేనివి. గాలి మారి పైనున్న వెచ్చటి నీటిని ఒడ్డు నుంచి అవతలికి తోసేస్తే అడుగునున్న చల్లటి నీరు పైకొస్తుంది. నిన్న ఈదిన చోటే ఇవాళ కాలు పెట్టలేరు.

ఇలాంటి ఊరు మంచిదో కాదో తేల్చడానికి గట్టి పరీక్ష ఒకటుంది, తువ్వాలు పరీక్ష. బస చేసిన గది నుంచి భుజాన తువ్వాలు, కాళ్లకు చెప్పులతో బయల్దేరి పది నిమిషాల్లో నీళ్లలో కాలు పెట్టగలగాలి. దారిలో హైవే దాటకూడదు. ఎవరి గేటు ముందూ నిలబడి బతిమాలకూడదు. తిరిగొచ్చేటప్పుడు తడిబట్టలతోనే కాఫీ తాగగలగాలి. మ్యాప్ తెరిచి ముందు నీటికీ ఊరికీ మధ్య ఏముందో చూడండి. రైలు పట్టాలో నాలుగు వరసల రోడ్డో గీసి ఉంటే ఆ ఊరు తప్పినట్టే. ఒడ్డంతా హోటళ్ల సొంతమైతే "లేక్ వ్యూ" గదికి డబ్బు కట్టి నీళ్లను కిటికీలోంచి చూసి రావాలి. పడవల టైంటేబుల్ ఏ నెల నుంచి ఏ నెల వరకో చూసుకోండి, సీజన్ దాటితే ఊరే మూతపడే చోట్లున్నాయి. హోటల్ వాళ్లు పెట్టిన ఫొటోలు కాకుండా, వానరోజు ఎవరో విసుక్కుంటూ పెట్టిన ఫొటో వెతకండి. ఒడ్డు నిజంగా ఎంత వెడల్పో అందులో తెలుస్తుంది.

ఇప్పుడు ఈ పరీక్షను స్వదేశానికి వర్తింపజేద్దాం.

ప్రకాశం బ్యారేజీ వెనక ఉన్నది పేరుకు నది అయినా, పనికి సరస్సే. 1957లో కట్టారు, పొడవు 1,223.5 మీటర్లు, నిల్వ మూడు టీఎంసీల పైన. పన్నెండు అడుగుల నీటిమట్టం నిలబెట్టినన్నాళ్లు ఇంద్రకీలాద్రి కింద అంత అందమైన నీళ్లు మరోచోట లేవంటే అది ఊరి అభిమానం ఒక్కటే కాదు. పైగా పక్కనే పది లక్షల జనం, బీసెంట్ రోడ్డు రద్దీ, రాత్రి పదింటికీ వేడివేడిగా పునుగులు. కేంద్రీకరణకు కావలసిన సరంజామా అంతా ఇక్కడే ఉంది. గండం తృటిలో తప్పింది. నీటికీ ఊరికీ మధ్య హైవే, ఫ్లైఓవర్, కాలవ, గోడ, గేటు, గేటుకు తాళం వేసి వికేంద్రీకరణను కాపాడుకున్నాం. తువ్వాలుతో బయల్దేరినవాడు రోడ్డు దాటేలోపే తువ్వాలు ఆరిపోతుంది.

ఘాట్లు లేవా అంటే ఉన్నాయి. 2016 పుష్కరాలకు బ్రహ్మాండంగా కట్టారు, మళ్లీ 2028లో వస్తాయి. ఈత సీజన్ పన్నెండేళ్లకోసారి ఉండే తీరప్రాంతం ప్రపంచంలో మనదొక్కటే. స్నానానికి పనికొచ్చే నీటికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్క ఉంది: లీటరు నీటిలో కరిగిన ఆక్సిజన్ 5 మిల్లీగ్రాములకు తగ్గకూడదు, బీఓడీ (నీటిలోని మురుగును కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్) 3 మిల్లీగ్రాములు దాటకూడదు, 100 మిల్లీలీటర్లలో కోలిఫాం బ్యాక్టీరియా 500 మించకూడదు. విదేశాల్లో ఇలాంటి అంకెల్ని ఒడ్డున బోర్డు మీద రాస్తారు. మనం ఘాట్ బోర్డు మీద ప్రారంభించినవారి పేర్లు రాస్తాం.

బీచ్ మాటేమిటని అడిగే వారికి సమాధానం: మనకూ ఇసుక తీరం ఉంది. కాకపోతే అది లారీల మీద ఉంటుంది. బ్యారేజీకి దిగువన ఎండాకాలం మిగిలినదాంట్లో గుంతలుంటాయి. పైకి మోకాలి లోతులా కనబడే మడుగు లోపల నిలువు లోతు ఉంటుంది, ఏటా వేసవిలో ప్రాణాలు పోయేది ఇలాంటి చోట్లే. ఈతరాని పిల్లల్ని అటు వదలొద్దు.

ఇక భవానీ ద్వీపం. పున్నమి ఘాట్ వైపు నుంచి పడవలో వెళ్లాలి. విశాలమైన చెట్ల నీడ, నిజంగా మంచి చోటు. ఆగస్టు, సెప్టెంబరుల్లో వెళ్లేవాళ్లు మాత్రం బయల్దేరేముందు జలవనరుల శాఖ బులెటిన్ చదవాలి. బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు రెండోది. పడవలు అంతకంటే చాలా ముందే ఆగిపోతాయి. ఎగువనున్న పులిచింతల నుంచి ఎంత వదిలారో చూస్తే మర్నాటి సంగతి ముందే తెలుస్తుంది. 2024 సెప్టెంబరులో 11 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినప్పుడు పడవలే కొట్టుకొచ్చి గేట్లను గుద్దాయి.

పడవ గురించి ఇంకో మాట, ఇది మాత్రం వ్యంగ్యం కాదు. 2017 నవంబరు 12న, గోదావరి నీళ్లు కృష్ణలో కలిసే పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా చనిపోయారు. లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ ఎక్కొద్దు. ఇచ్చినదాన్ని బొత్తాలు పెట్టకుండా భుజాన వేసుకుని సెల్ఫీ దిగొద్దు. బెల్టులన్నీ బిగించాక ఎవరైనా భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడాలి, అది చెవుల దాకా వచ్చేస్తే నీళ్లలో ఊడిపోతుంది. పిల్లలకు పెద్దవాళ్ల జాకెట్ వేస్తే వేయనట్టే.

అసలు సరస్సు ఏలూరు జిల్లా వాటాకు వచ్చింది. కొల్లేరు. బెజవాడ నుంచి గుడివాడ మీదుగా కైకలూరు డెబ్బై, ఎనభై కిలోమీటర్లు, భీమవరం వైపు వెళ్లే రైలూ ఆగుతుంది. 1999లో 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యం చేశారు, 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. ఇంత పేరున్న సరస్సును చూడ్డానికి వెళ్లినవాళ్లు మొదట చేపల చెరువు గట్టు చూస్తారు, తర్వాత ఇంకో చెరువు గట్టు, ఆ తర్వాత ఇంకోటి. 2006లో గట్లు కొట్టించారు కూడా. గట్లకు మన ప్రజాస్వామ్యం మీద నమ్మకముంది, తిరిగి లేచాయి. సరస్సు ఎక్కడ మొదలవుతుందో తెలియాలంటే ఐదో కాంటూరు, అంటే సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తున గీసిన హద్దు, అడగాలి, అది ఎక్కడుందో అడిగితే మాత్రం ఊళ్లో గొడవవుతుంది. ఆటపాక వెళ్లండి, నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు, తెల్లవారుజామునే. గూడబాతులు చెట్ల మీద కాపురాలు పెట్టి ఉంటాయి. బైనాక్యులర్స్ తీసుకెళ్లండి, తెల్ల చొక్కాలు వద్దు. ఎండాకాలం సెలవుల్లో వెళితే పక్షులు కూడా సెలవు మీద పోయుంటాయి.

గుంటూరు జిల్లా వాటా మరీ చిన్నది. ఉప్పలపాడులో ఊరి చెరువు. గుంటూరుకు కూతవేటు దూరంలో, తుమ్మచెట్ల మీద ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు కిక్కిరిసి ఉంటాయి. ఈ మొత్తం వికేంద్రీకరణలో పది నిమిషాల్లో నీటి దగ్గరికి నడవగలిగే ఊరు ఇదొక్కటే, ఆ సౌకర్యాన్ని పక్షులు అందుకున్నాయి.

ఇసుక బాపట్లకు పోయింది. గుంటూరు నుంచి సూర్యలంక అరవై కిలోమీటర్లు, బాపట్ల స్టేషన్లో దిగితే తొమ్మిది. సరస్సుకు ఇసుక కావాలి గానీ ఇసుకకు సరస్సెందుకు, పక్కనే సముద్రముందిగా అన్నది ప్రణాళికవేత్తల ఆలోచన. ఆదివారం సాయంత్రం వెళ్లొద్దు, కారు పెట్టడానికే చీకటి పడుతుంది. నురుగు కెరటాల మధ్య నురుగు లేకుండా నున్నగా ఒక పాయ కనబడితే అక్కడ ప్రశాంతంగా ఉందనుకుని దిగేది మనవాళ్లే. కెరటాల నీళ్లు వెనక్కి పోయే దారి అది, మనిషినీ తీసుకుపోతుంది. చిక్కుకుంటే ఒడ్డుకేసి ఎదురీదకుండా, ఒడ్డు వెంబడి పక్కకు ఈది ఆ పాయలోంచి బయటపడాలి. మచిలీపట్నం దగ్గర మంగినపూడిలో నీళ్లు లోతు తక్కువ, కానీ అడుగున నల్లమట్టి. తెల్ల బట్టలతో దిగినవాళ్లు వేరే బట్టలతో రావాలి.

అమరావతి పటంలో నీరుకొండ, కృష్ణాయపాలెం, శాఖమూరు దగ్గర కూడా జలాశయాలున్నాయి. నీలం రంగు చాలా బాగుంది.

కొండా, జలపాతం, దీవి పల్నాడు వాటా. గుంటూరు నుంచి సత్తెనపల్లి, పిడుగురాళ్ల, మాచర్ల మీదుగా నాగార్జునసాగర్ ఒడ్డునున్న విజయపురి సౌత్ సుమారు 140 కిలోమీటర్లు. సాగర్ అవతలి ఒడ్డు వేరే రాష్ట్రం కాబట్టి వికేంద్రీకరణ ఇక్కడ అంతర్రాష్ట్ర స్థాయికి చేరింది. ఎత్తిపోతల 70 అడుగుల జలపాతం, మే నెలలో సన్నటి ధార. కింది మడుగులో మొసళ్లున్నాయి గనక జలక్రీడలు ఒకవైపు నుంచే సాగుతాయి. సాగర్ మధ్య దీవి మీదున్న నాగార్జునకొండ మ్యూజియానికి శుక్రవారం సెలవు, ఆ సంగతి శుక్రవారం రేవు దగ్గర నిలబడ్డాక తెలుస్తుంది. రేవు నుంచి దీవికి ముప్పావు గంట పైనే. పైకి చేరాక తిండీ నీళ్లూ దొరుకుతాయన్న నమ్మకం పెట్టుకోకుండా పులిహోర కట్టుకెళ్లడం మేలు. లాంచీ ఎన్ని గంటలకని అడగొద్దు, జనం నిండితే కదులుతుంది. నలుగురున్న కుటుంబం టికెట్లు కొనుక్కుని ఎండలో కూర్చుంటుంది, మేనత్తలూ బాబాయిలూ కలిసి మినీ బస్సులో దిగిన కుటుంబం మాత్రం వచ్చిన పది నిమిషాలకే బయల్దేరుతుంది.