సవరణ: అది హంస కాదు, గూడబాతు (పెలికాన్)

మొన్న కేథడ్రల్ ఫొటోలు పెట్టి, దివ్యసత్ప్రసాద మందసం (పూజలో క్రీస్తు శరీరంగా స్వీకరించే అప్పాన్ని, అంటే దివ్యసత్ప్రసాదాన్ని, భద్రపరిచే పెట్టె) తలుపు మీద ఉన్న పక్షి హంస అని, పాలూ నీళ్లూ వేరుచేసినట్టు మంచీ చెడూ వేరుచేయడానికి గుర్తని తెగ రాసేశాను. తప్పు. ఆ కథ మన దగ్గరిది, అక్కడికి నేనే అతికించాను. కైకలూరు నుంచి మా బావగారు ఫోన్ చేసి, "కొల్లేరు పక్కన పుట్టి గూడబాతుని గుర్తుపట్టలేకపోయావేంట్రా" అని నవ్వారు. నిజమే, అక్కడి ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్తే చెట్ల నిండా అవేగా!

తల్లి గూడబాతు తన రొమ్ము పొడుచుకుని ఆ రక్తంతో పిల్లల్ని బతికిస్తుందని పాతకాలం నమ్మకం. అందుకే సిలువ మీద రక్తం చిందించిన క్రీస్తుకీ, దివ్యసత్ప్రసాదానికీ అది గుర్తయింది, మందసం మీద చెక్కడమూ అందుకే. 13వ శతాబ్దంలో క్రైస్తవ వేదాంత పండితుడు తోమా అక్వినాస్ కూడా తన కీర్తనలో యేసుని గూడబాతు అనే పిలిచాడు. అసలు పక్షి అలాంటిదేం చేయదులెండి, పిల్లలు దాని ముక్కు కింది సంచిలో తల దూర్చి చేపలు తింటాయి, ముక్కు రొమ్ముకి ఆనించుకుని కూర్చోవడం చూసి ఎవరో అలా అనుకుని ఉంటారు.

బొమ్మలో రొమ్ము మీది ఎర్రచుక్కలు రంగు కారిందనుకున్నాను. అవి రక్తం బొట్లు. పాత పోస్టులో ఆ పేరా తీసేశాను.