‘అసెస్‌మెంట్ ఎందుకు, మంచి ట్యాబ్ కొనిస్తే చాలదా?’ అనేవాళ్లకు

వైకల్యం ఉన్న పిల్లల తల్లిదండ్రుల మధ్య ఓ సలహా బాగా తిరుగుతోంది: ‘సహాయక పరికరాలకు అసెస్‌మెంట్, అంటే ఎవరికి ఏది సరిపోతుందో ముందే చూడటం, దండగ, మంచి ట్యాబ్ కొనిస్తే పిల్లలే అలవాటు పడతారు. బొమ్మ నొక్కితే పిల్లల బదులు మాట్లాడే యాప్ మాత్రం ఇవ్వకండి, ఇక నోరు విప్పరు. పైగా అసెస్‌మెంట్ అంటే పెద్ద స్పెషలిస్టులు, బోలెడు ఖర్చు.’ ఇది నమ్మితే నష్టపోయేది పిల్లలే.

మొదట ట్యాబ్ సంగతి. పాఠం అడిగితే గడగడా చెప్పే అమ్మాయి, రాయమంటే రెండు లైన్లకే ఆగిపోతోందనుకుందాం. ట్యాబ్ ఇస్తే, అక్షరాలు వెతుక్కుంటూ కొట్టడమూ అంతే నెమ్మది కావచ్చు. పోనీ, చెబితే టైపయ్యే సౌకర్యం పెడదామా? క్లాసు గోలలో అది ఒకటి చెబితే ఇంకొకటి పట్టుకుంటుంది. అసలు ఆ పిల్ల కాళ్లు నేలకు ఆనుతున్నాయా? బల్ల ఎత్తు సరిపోయిందా? ఒళ్లు నిలకడగా లేకపోతే చేతికి పట్టు ఎక్కడిది? వాలు బల్ల, సరైన కుర్చీతోనే సగం ఇబ్బంది తీరవచ్చు. ఇవన్నీ చూడటమే అసెస్‌మెంట్. సహాయక సాధనాల నిపుణురాలు జాయ్ జబాలా రూపొందించిన ‘సెట్’ పద్ధతిలోనూ విద్యార్థి, పరిసరాలు, చేయాల్సిన పని చూశాకే సాధనం మాట వస్తుంది.

చూడకుండా కొంటే ఏమవుతుంది? 1993లో ఫిలిప్స్, జావో అమెరికాలో 227 మంది పెద్దవాళ్లపై చేసిన అధ్యయనంలో 29.3 శాతం పరికరాలు వాడకుండా వదిలేసినట్టు తేలింది. ఎంపికలో వాడేవాళ్ల అభిప్రాయం పట్టించుకోకపోవడం అందుకు ఒక కారణం. నచ్చలేదని నోరు తెరిచి చెప్పగల పెద్దవాళ్ల పరిస్థితే అది.

మాట్లాడే యాప్ వల్ల మాట పోతుందన్నది భయమే తప్ప నిజం కాదు. మిలర్, లైట్, ష్లాసర్ 2006లో ప్రచురించిన సమీక్షలో, మాటకు తోడుగా సైగలు, బొమ్మల్లాంటి దారులు నేర్పినవాళ్లలో గట్టి ఆధారాలున్న 27 మందిని చూస్తే, ఒక్కరికీ మాట తగ్గలేదు. 89 శాతం మందికి పెరిగింది, చాలావరకు కొద్దికొద్దిగానే. మాట వచ్చేదాకా ఆగమంటే, ఆకలేస్తోందనీ నొప్పిగా ఉందనీ చెప్పుకునే దారి అన్నాళ్లూ మూసేసినట్టే.

ఇక ఖర్చు. వినికిడి యంత్రానికి, వీల్‌చైర్‌కు నిపుణులు తప్పనిసరి. కానీ మొదలుపెట్టడానికి టీచర్, తల్లిదండ్రులు, ఆ విద్యార్థి కలిసి కూర్చుంటే చాలు. ఏ పీరియడ్‌లో, ఏ పని దగ్గర ఆగుతోంది, ఇప్పుడు ఎవరి సాయంతో గట్టెక్కుతోంది అన్నది కొన్నాళ్లు రాసిపెట్టండి. కంప్యూటర్ తెర మీది అక్షరాలు చదివి వినిపించే ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్ ఉచితమే. కొనేముందు అసలు క్లాసులోనే కొన్ని రోజులు వాడించి చూడండి. క్లాసు మారినా, పని మారినా మళ్లీ చూడాల్సిందే.