రాత్రంతా బయట ఉంచిన అన్నాన్ని వేడి బాగుచేయదు

ఈ వారంలో ఒకే సందేశం నాకు ఐదుసార్లు వచ్చింది. మా ఆడపడుచు పంపింది, డిగ్రీలో నాతో చదివిన ఇద్దరు స్నేహితురాళ్ళు పంపారు, మా వీధి మహిళల గుంపులో వచ్చింది, చివరికి రోజూ నెల్లూరు నుంచి కావలికి నాతోపాటు రైల్లో వచ్చే తోటి ఉపాధ్యాయిని కూడా పంపారు. “ఆదివారం వండి వారమంతా తినిపించే తల్లులారా, మీ పిల్లలకు విషం పెడుతున్నారు” అన్నది దాని శీర్షిక. వండిన మూడు గంటలకు ఆహారంలో పోషకాలు సున్నా అవుతాయని, కోసిన ఉల్లిపాయ గాలిలోని క్రిములన్నిటినీ పీల్చుకుంటుందని, ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం విషమవుతుంది కనుక దానిని రాత్రంతా బయటే ఉంచి పొద్దున పొగలు వచ్చేలా వేడిచేస్తే ఏ క్రిమీ మిగలదని, పూర్వీకులు పూటపూటకూ వండుకున్నందువల్లే ఆరోగ్యంగా ఉన్నారని, ముందుగా వండిపెట్టుకోవడం బద్ధకమని అందులో ఐదు అంశాలున్నాయి. నాలుగుసార్లు చూసి వదిలేశాను. ఐదోసారి వదలలేకపోవడానికి కారణం మూడో అంశం దగ్గర చెబుతాను.

ఉల్లిపాయ ఏ క్రిములనూ గాలిలోంచి లాక్కోదు. కత్తికి, పీటకు, చేతికి ఉన్న మురికి దానికి అంటుకుంటే ఏ కూరగాయకైనా అంటినట్టే అంటుతుంది. మూతపెట్టి చల్లగా ఉంచితే చాలు. దీనికి ఇంతకంటే జవాబు అక్కరలేదు.

పోషకాలు సున్నా కావడం అన్నది లెక్క రానివారి మాట. విటమిన్ సి వంటివి వండేటప్పుడు కొంత, నిలవలో కొంత, మళ్ళీ వేడిచేసినప్పుడు కొంత తగ్గుతాయి. కందిపప్పులోని మాంసకృత్తులు, ఆకుకూరలోని ఇనుము మూడు గంటల్లో ఎక్కడికి పోతాయి?

ఇక మూడోది. దీనివల్ల మనుషులు ఆసుపత్రి పాలవుతారు. కావలిలో ఉండే మా పిన్ని అంతకుముందు మిగిలిన అన్నాన్ని ఫ్రిజ్‌లోనే పెట్టేది. ఈ సందేశం చదివాక మానేసింది. మే నెలలో, రాత్రి కూడా గోడలు వేడిగా ఉండే రోజుల్లో, అన్నం గిన్నె మూతపెట్టి వంటగట్టు మీద వదిలి, పొద్దున తాలింపు వేసి బాగా వేయించి తానూ తిన్నది, ఏడేళ్ళ మనవడికీ పెట్టింది. రెండు మూడు గంటల్లో ఇద్దరికీ వాంతులు పట్టుకున్నాయి. పిల్లవాడికి సెలైన్ ఎక్కించవలసి వచ్చింది. ఏం తిన్నారని అడిగి తెలుసుకున్న డాక్టరుగారు అన్నమే కారణమై ఉంటుందన్నారు. “బాగా వేడిచేశాను కదమ్మా” అని పిన్ని నాతో పదిసార్లు అన్నది. ఆమె చేసిన తప్పేమీ లేదు, సందేశం చెప్పినదే చేసింది.

బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి బీజాలు సహజంగానే ఉంటాయి. అన్నం ఉడికినా అవి చావవు. గోరువెచ్చని అన్నంలో మేలుకొని, పెరిగి, వాంతులు పుట్టించే విషాన్ని విడుదల చేస్తాయి. ఆ విషం 121 డిగ్రీల వద్ద గంటన్నర ఉడికించినా చెడదు, మన పెనం మీద ఐదు నిమిషాల్లో చెడుతుందా? వేడి క్రిమిని చంపవచ్చు గాని అది అప్పటికే వదిలిపెట్టిన విషాన్ని చంపదు. ఈ ఒక్క సంగతి తెలియకుండా వేలమందికి వంట సలహా ఇవ్వడానికి ఆ రాసినవారికి మనసెలా వచ్చింది? వండిన ఆహారాన్ని రెండు గంటలకు మించి బయట ఉంచవద్దని, 5 డిగ్రీల లోపు చల్లదనంలో ఉంచాలని, తినేముందు 70 డిగ్రీలు దాటేలా వేడిచేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001 నుంచి ప్రచారం చేస్తోంది. మా ఇంట్లో అన్నాన్ని వెడల్పాటి పళ్ళెంలో పలచగా పరిచి, ఆవిరి పోగానే డబ్బాకెత్తి ఫ్రిజ్‌లో పెడతాను. పప్పు గిన్నెనైతే నీళ్ళు పోసిన బేసిన్‌లో నిలిపి కలుపుతూ చల్లారుస్తాను, ఎందుకంటే లోతైన గిన్నె నడుమ వేడి గంటల తరబడి తగ్గదు.

చద్దన్నం సంగతేమిటని మా ఆడపడుచు అడిగింది. నీళ్ళు పోసిగాని, పాలు పోసి తోడుపెట్టిగాని ఉంచిన అన్నం పులుస్తుంది, ఆ పులుపు చెడ్డ క్రిములను అణుస్తుంది. గిన్నెలో పొడిగా మిగిలిన అన్నానికి ఆ రక్షణ లేదు. ఈ రెండూ ఒకటి కావని మన నాయనమ్మలకు తెలుసు.

పూర్వీకులు పూటపూటకూ వండుకున్నారన్న మాట నెల్లూరులో ఎలా చెల్లుతుంది? చేపల పులుసు మర్నాటికే రుచి అని ఇక్కడ ప్రతి ఇంట్లోనూ అంటారు. మా నాయనమ్మ చింతపండు, మామిడికాయ వేసి మట్టి చట్టిలో కాచిన పులుసును రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి, తెల్లవారగానే ఒకసారి తెర్లించేది, తడి గరిటె పెట్టనిచ్చేది కాదు. నేను దానినీ ఫ్రిజ్‌లోనే పెడతాను. కానాగంతల వంటి చేపలు వేడిలో నిలవ ఉంటే వాటిలో హిస్టమిన్ అనే విషపదార్థం పెరుగుతుంది, అదీ ఉడికిస్తే పోయేది కాదు. వేసవిలో వడియాలు, ఏడాదికి సరిపడా ఆవకాయ, కందిపొడి, కరివేపాకు కారం పెట్టుకున్న ఆ ఇల్లాళ్ళందరూ ముందుచూపుతో వండినవారే.

ఒక విషయం మాత్రం ఒప్పుకోవాలి. ఆదివారం వండినది వారమంతా తినకూడదన్నది నిజం. ఫ్రిజ్ చల్లదనంలో కూడా నెమ్మదిగా పెరిగే క్రిములు ఉన్నాయి కనుక వండిన కూర మూడు, మహా అయితే నాలుగు రోజులకు మించి ఉండకూడదు. నేను రెండేళ్ళుగా ఆదివారం కూరను శుక్రవారం దాకా లాగుతున్నాను. ఈ సందేశాన్ని ఖండించాలని కూర్చున్నప్పుడే ఆ తప్పు కనిపించింది, సరిదిద్దుకున్నాను. ఇప్పుడు ఆదివారం, బుధవారం రెండు విడతలుగా చేస్తున్నాను. అన్నం మర్నాటికి మించి ఉంచడం లేదు. నాలుగు గంటలకు మించి కరెంటు పోతే కూరలను నమ్మడం లేదు.

ఆ విడతల్లో నేను చేసేది పూర్తి వంట కూడా కాదు. కందిపప్పు ఉత్తగా ఉడికించి పెడతాను, ఒకరోజు గోంగూర, ఒకరోజు దోసకాయ వేసి తాలింపు పెడతాను. చింతపండు గుజ్జు, అల్లం వెల్లుల్లి ముద్ద, దోసెల పిండి, తరిగిన బీన్స్ సిద్ధంగా ఉంటాయి. వంకాయ మాత్రం ఏ పూటకాపూటే కోస్తాను. దీనివల్ల పొద్దున గంటన్నర పని అరగంటకు దిగి, ఏడు గంటల రైలు అందుతుంది. దీనికి బద్ధకమని పేరు పెట్టినవారు తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి ఆ వంట తామే చేస్తారా? సెలవు రోజున నాలుగు గంటలు పొయ్యి దగ్గర నిలబడిన మనిషిని బద్ధకస్తురాలు అనడం అన్యాయం, అందులోనూ ఆ మాటను ఆడవాళ్ళమే ఒకరికొకరం పంపుకోవడం నాకు మరీ బాధగా ఉంది.

నాకు ఈ సందేశం పంపిన ఐదుగురినీ ఒకటే అడుగుతున్నాను. మీరు దానిని ఇంకా ఎవరెవరికి పంపారో వాళ్ళందరికీ మూడో అంశం తప్పని ఈ రాత్రి అన్నం వండేలోపే చెప్పండి.