దాచిన మేనమామ జబ్బు, దారి తప్పే వైద్యం

పెళ్ళి సంబంధం ఖాయమయ్యే ముందు చిత్తూరు జిల్లాలో ఇప్పటికీ గుట్టుగా ఒక ఆరా నడుస్తుంది: వాళ్ళ ఇంట్లో ఎవరికైనా మతి స్థిమితం తప్పిందా అని. ‘అబ్బే, అలాంటిదేమీ లేదు’ అన్నదే ఎప్పుడూ జవాబు. అదే జవాబు తిరుపతిలో మానసిక వైద్యుడి గదిలోకీ వచ్చేస్తుంది. కేస్ షీటులో కుటుంబ చరిత్ర దగ్గర ‘లేదు’ అని రాయించి, బయటికి వచ్చాక తల్లి నర్సు చెవిన వేస్తుంది: ‘మా తమ్ముడికీ ఈ వయసులోనే ఇలా అయిందమ్మా.’

ఆ మాట లోపలే చెప్పాల్సింది. దిగులూ ఉన్మాదమూ విడతలుగా వచ్చే బైపోలార్ జబ్బు చాలామందిలో మొదట దిగులుగానే బయటపడుతుంది. మేనమామకు ఉన్మాదం వచ్చిన సంగతి తెలియని వైద్యుడు దాన్ని మామూలు డిప్రెషన్ అనుకోవచ్చు. దానికి ఇచ్చే మందు ఒక్కటే వాడితే, కొందరిలో దిగులు పోయి ఉన్మాదం ఎగసిపడుతుంది. నిద్ర ఉండదు, మాట ఆగదు, చేతిలో డబ్బు నిలవదు. పరువు కోసం దాచిన మాటకు మూల్యం ఆ పిల్లవాడు చెల్లిస్తాడు.

ఇంతగా భయపడేలా జన్యుశాస్త్రం ఏమీ చెప్పడం లేదు. సాధారణంగా నూటికి ఒకరికి వచ్చే ఈ జబ్బు, తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లల్లో 5 నుంచి 10 శాతం మందికి వస్తుంది. అంటే నూటికి కనీసం తొంభై మంది పిల్లలకు ఈ జబ్బు రాదు. 2025లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన పరిశోధన లక్షన్నరకు పైగా రోగుల జన్యువులను పరిశీలించి, జబ్బుతో ముడిపడిన తేడాలు ఉన్న 298 చోట్లను గుర్తించింది. ఒక్కోదాని ప్రభావం అతి స్వల్పం. వాటిలో కొన్ని మనందరిలోనూ ఉంటాయి.

ఈ తేడాలు మెదడులో చేసే పని తెలుసుకోదగ్గది. ‘సీఏసీఎన్‌ఏ1సీ’ అనే జన్యువు నాడీకణం గోడలో కాల్షియం లోపలికి వచ్చే ద్వారాన్ని తయారు చేయిస్తుంది. కణం ఎంత చురుగ్గా స్పందించాలి, లోపల ఏ జన్యువులు మేలుకోవాలి అన్నది ఆ కాల్షియం మీద ఆధారపడుతుంది. చెరువు తూము లాంటిదే ఇది. జన్యువులో చిన్న తేడా ఉంటే తూము పగిలిపోదు, ఎప్పుడు ఎంత ఎత్తాలన్న లెక్క కాస్త మారుతుంది. అందుకే ‘మెదడులో రసాయనాలు తగ్గాయి’ అని తేల్చేయడం నాకు నచ్చదు. లోపం ఒక్క రసాయనం కొలతలో కాదు, నియంత్రణలో ఉంది.

1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ ఉన్మాదానికి లిథియం అనే మందు పనిచేస్తుందని చూపినప్పుడు కారణం ఎవరికీ తెలియదు. అది ‘జీఎస్‌కే3’ అనే ఎంజైమును అణచిపెడుతుందని తర్వాత తేలింది. ‘ఏకాప్11’ జన్యువులో అరుదుగా కనిపించే తీవ్రమైన మార్పులు బైపోలార్ ముప్పును బాగా పెంచుతాయని 2022లో బయటపడింది. ఆ జన్యువు తయారు చేయించే ప్రోటీను అంటిపెట్టుకుని ఉండేది ఈ ఎంజైమునే! పైగా లిథియంకు లొంగే గుణం కుటుంబాల్లో నడుస్తుందని వైద్యుల అనుభవం. మామకు ఆ మందు పడిందంటే, మేనల్లుడి విషయంలో వైద్యుడికి అది విలువైన ఆధారం.

ఇలాంటి పరిశోధనల్లో ఎక్కువ భాగం ఐరోపా సంతతి వారి మీదే జరిగింది. ఒకే ఇంట్లో పలువురికి జబ్బు ఉన్న మన కుటుంబాలను బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ అధ్యయనం చేస్తోంది. మనవాళ్ళు మాత్రం తెలిసినవాళ్ళు ఎదురుపడరన్న ధీమాతోనే బెంగళూరుకో వేలూరుకో బస్సెక్కుతారు.

దాపరికం మందు వాడేటప్పుడు మరీ ప్రమాదం. లిథియం రక్తంలో కాస్త ఎక్కువైనా విషమవుతుంది. లిథియం వాడుతున్న సంగతి దాచి, అత్తవారితో కలిసి ఉపవాసంతో అలిపిరి మెట్లెక్కే కొత్త కోడలిని తలుచుకోండి. ఎండకు చెమటలు పోసి ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే రక్తంలో మందు పరిమాణం పెరుగుతుంది. మోకాళ్ళ నొప్పికని ఎవరో ఇచ్చిన డైక్లోఫెనాక్ మాత్ర దాన్ని ఇంకా పెంచుతుంది. చేతులు వణికి, వాంతులై, అడుగు తడబడితే అందరూ ఎండదెబ్బ అనుకుంటారు. ఆమెకు అప్పుడు కావలసింది రక్తపరీక్ష చేయగల ఆసుపత్రి. ఆమె ఏ మందు వాడుతోందో పక్కనున్నవాళ్ళలో ఒక్కరికైనా తెలిసి ఉండాలి.