ఆర్థిక శాఖను తిరుపతికి మార్చవలసిన ఆవశ్యకత

గత ప్రభుత్వం మూడు రాజధానులన్నప్పుడు విశాఖకు ఒకటి, కర్నూలుకు ఒకటి, అమరావతికి ఒకటి పంచింది. తిరుపతి వైపు ఎవరూ చూడలేదు. ఈ ప్రభుత్వం వచ్చి రాజధాని ఒక్కటే, అది అమరావతే అంది. అప్పుడూ చూడలేదు. మనమూ అడగలేదు. లడ్డూలు, దర్శనం టికెట్ల సిఫారసు లేఖలు తప్ప మనకు వేరే కోరికలుంటాయని పాలకులు అనుకోకపోవడానికి ఈ మౌనమే కారణం. అందుచేత రాష్ట్ర ఆర్థిక శాఖను మంత్రిగారితో, కార్యదర్శులతో, బీరువాలతో సహా వెలగపూడి సచివాలయం నుంచి ఎత్తి తిరుపతిలో పెట్టాలని డిమాండ్ చేస్తున్నాను. ఊరి మీద అభిమానంతో అంటున్న మాట కాదిది. అర్హత ఉండి అంటున్నది.

అర్హతల్లో మొదటిది అనుభవం. పెళ్లి ఖర్చుకు కుబేరుడి దగ్గర అప్పు చేసి, బ్రహ్మను, శివుణ్ణి, పక్కనే ఉన్న రావిచెట్టును సాక్షులుగా పెట్టి, ఏటేటా వడ్డీ కడతాను, అసలు కలియుగం అయ్యాక చూద్దామని పత్రం రాసిచ్చిన దేవుడు మన కొండ మీదే ఉన్నాడు. మంగళవారం వచ్చిందంటే రిజర్వు బ్యాంకు వేలంలో బాండ్లు పెట్టి అప్పు తెచ్చుకునే రాష్ట్రాలు ఇంత పొడుగు గడువును కలలో కూడా చూసి ఉండవు. ఇక కొండ కింద గోవిందరాజస్వామి. తమ్ముడి అప్పు తీర్చడానికి వచ్చిన సొమ్మును కుంచంతో కొలిచి కొలిచి, అలిసిపోయి, ఆ కుంచాన్నే తలకింద పెట్టుకుని పడుకున్నాడని ఇక్కడ చిన్నపిల్లలు కూడా చెబుతారు. నా లెక్కలో ఆంధ్రదేశపు తొలి ఆర్థిక మంత్రి ఆయనే. తర్వాత వచ్చినవాళ్లలో అలిసిపోయినవాళ్లు చాలామంది ఉన్నారు గాని, కొలిచినవాళ్లు తక్కువ.

అంకెలు కావాలంటే అవీ ఉన్నాయి. 2025 ఫిబ్రవరి 28న పయ్యావుల కేశవ్ గారు సభలో పెట్టిన రాష్ట్ర బడ్జెట్ 3.22 లక్షల కోట్లు. అందులో రెవెన్యూ లోటే 33 వేల కోట్ల పైమాట. అదే ఏడాదికి టీటీడీ ఆమోదించుకున్న బడ్జెట్ 5,258 కోట్లు. దాంట్లో బ్యాంకు డిపాజిట్ల మీద వడ్డీగా వస్తుందని వేసుకున్న అంచనా సుమారు 1,300 కోట్లు. ఒకవైపు కుబేరుడికి వడ్డీ బాకీ, మరోవైపు బ్యాంకుల నుంచి వడ్డీ రాబడి. అప్పులో ఉండి కూడా మిగుల్లో ఉండే ఈ విద్య వెలగపూడిలో ఎవరికీ పట్టుబడలేదు. ఇక్కడికొస్తే నేర్చుకోవచ్చు.

ఇంతవరకు చెప్పింది దేవుళ్ల సంగతి. మనుషులు కూడా తక్కువవాళ్లు కారు.

2024 జూలైలో ప్రభుత్వం అసెంబ్లీలో శ్వేతపత్రం పెట్టి రాష్ట్రం అప్పులు, బకాయిలు కలిపి 9.74 లక్షల కోట్లని ప్రకటించింది. దిగిపోయినవాళ్లు ఆ లెక్క తప్పన్నారు. తిరుపతిలో మాత్రం ఎవరికీ చెమట పట్టలేదు. వచ్చిన ప్రతి ప్రభుత్వమూ తాళం తీసి చూసి లోపల ఏమీ లేదంటుంది. పోయిన ప్రతి ప్రభుత్వమూ నిండా పెట్టే తాళం వేశామంటుంది. మనవాళ్లు రెండూ నమ్ముతారు, నమ్మి, 'సరేగాని మా ఖాతాలో ఎప్పుడు పడుతుంది?' అని అడుగుతారు. బడ్జెట్ ప్రసంగంలో దాగున్న అసలు ప్రశ్నను ఇంత సూటిగా పట్టుకున్న ఊరు మరొకటి ఉంటే చెప్పండి.

ఎస్వీ యూనివర్సిటీలో పొద్దున నడక ముగించి సిమెంటు బెంచీ మీద చేరే పెద్దమనుషుల గుంపు ఒకటుంది. దాన్ని నేను ఆర్థిక సంఘంగానే గౌరవిస్తాను. రిటైరైన హెడ్మాస్టరుగారు అధ్యక్షులు. 2024 జూలై 1న వృద్ధాప్య పింఛన్ను 3,000 నుంచి 4,000కు పెంచి, ఏప్రిల్ నుంచి రావలసిన తేడా కూడా కలిపి ఇళ్లకు వెళ్లి 7,000 చేతిలో పెట్టారు. ఆరోజు అధ్యక్షులు నడవలేదు. నేరుగా బెంచీ మీదే కూర్చున్నారు. 'దేశాన్ని సోమరిపోతుల్ని చేస్తా ఉండారు నాయనా' అన్నారు. ఎవరా సోమరిపోతులని చూస్తే, ఆయన వీధిలో ఎనభై దాటిన ఒక ముసలమ్మ, కాలు లేని ఒక చెప్పులు కుట్టే ఆయన. ఆ మాట మీద అందరూ తల ఊపాక, తనకు రావలసిన కరువు భత్యం బకాయిల సంగతి ఎత్తారు. ఆ ఉపన్యాసం ఎండ ముదిరేదాకా సాగింది. తనది ముప్పై అయిదేళ్లు బడిలో కష్టపడి సంపాదించుకున్న సొమ్మట. ముసలమ్మ ఎనభై ఏళ్లు ఏం చేసిందో సంఘం ఎజెండాలో లేదు.

సంఘంలో మరో సభ్యుడికి బెంగళూరులో అల్లుడున్నాడు. అల్లుడు ముప్పై శాతం పన్ను కడతాడు కాబట్టి ఈయన రాష్ట్రంలో జరిగే ప్రతి ఖర్చుకూ లెక్క అడుగుతాడు. 'ఆ పన్ను పోయేది ఢిల్లీకి గదా మామా' అని ఎవరో అన్నారు. 'యాడికి పోతేనేం అబ్బయా, పోయేది మనదే' అన్నాడు. తల్లికి వందనం డబ్బులు పడ్డప్పుడు అందరికంటే పెద్ద గొంతు కూడా ఆయనదే. ఉచితాల మీద అనుకున్నారా? కాదు. 15,000 అని చెప్పి, 2,000 బడి నిర్వహణకని పట్టుకుని, కూతురి ఖాతాలో పిల్లకు 13,000 చొప్పునే వేశారని. కూతురు, అల్లుడు బెంగళూరులో ఉంటే మనవరాళ్లు ఈ ఊరి బడిలో ఎలా ఉన్నారని నేను అడగలేదు. ఆర్థిక సంఘంలో పరిశీలకుడికి అడిగే హక్కుండదు.

కాని తిరుపతి ప్రతిభ పూర్తిగా బయటపడేది భూమి దగ్గర. మన దగ్గర గజం, సెంటు అంతగా నడవవు, అంకణం నడుస్తుంది. 2025 ఫిబ్రవరి 1 నుంచి ప్రభుత్వం చాలాచోట్ల రిజిస్ట్రేషన్ విలువలు సవరించింది. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి కట్టాల్సింది ఏడున్నర శాతం. ఆ జనవరి ఆఖర్లో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుల ముందు వైకుంఠ ఏకాదశి కనిపించింది. అవిలాల దగ్గర స్థలమున్న ఒక పెద్దమనిషి నాకు బాగా తెలుసు. విలువలు పెంచిన వార్త చదివి, 'పేదోడు ఇల్లు కట్టుకోకుండా చేశారు' అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అదే మధ్యాహ్నం ఆ స్థలం చూడ్డానికి మదనపల్లె నుంచి ఒకాయన వచ్చాడు. అతనికి ఈయన చెప్పిన రేటు ప్రభుత్వం పెంచిన విలువకు అయిదు రెట్లు. 'ఇది తిరుపతి సార్, స్వామివారి పాదాల కింద ఉండాది' అన్నాడు. పాదాలకు విడిగా రేటు కట్టలేదు, అది ఆయన ఉదారత.

ఇక్కడ మంత్రిగారు గమనించవలసినది ఒకటుంది. ఆ ఒక్క స్థలానికీ నాలుగు విలువలున్నాయి. కొనేవాడికి చెప్పేది ఒకటి, సబ్‌రిజిస్ట్రార్ దగ్గర రాయించేది ఒకటి. కార్పొరేషన్ బిల్ కలెక్టరు వచ్చినప్పుడు ముఖం వేలాడేసి చూపించేది మూడోది. కూతురి పెళ్లిచూపులకొచ్చినవాళ్లతో కాఫీ తాగుతూ అనేది నాలుగోది, అది అన్నిటికంటే ఎక్కువ. 2021లో ఆస్తి పన్నును అద్దె విలువ నుంచి తీసి స్థలం, కట్టడం విలువకు ముడిపెట్టారు, ఏడాదికి 15 శాతం దాటి పెరగకూడదని గిరి గీశారు. అది తెచ్చినవాళ్లను ఈయన తిట్టాడు, తీసెయ్యలేదని వీళ్లనూ తిడుతున్నాడు. పైగా, 'ఇంత పన్ను కడతా ఉంటే మా వీధిలో గుంత పూడ్చరా?' అని అడుగుతాడు. ఎంత కడుతున్నాడో మూడో విలువ చూస్తే తెలుస్తుంది. ఆ లెక్కన గుంతలో సగం పూడ్చినా కార్పొరేషన్ నష్టపోతుంది.

చెత్తపన్ను సంగతి ఒక్కమాటలో తేలుతుంది. పోయిన ప్రభుత్వం వేసింది, ఈ ప్రభుత్వం ఎత్తేసింది. ఊరంతా సంతోషించింది. ఇప్పుడు చెత్త దానంతటదే లేచి తూకివాకం చెత్తయార్డు దాకా నడిచిపోవాలని ప్రజాభిప్రాయం. ఉచిత ఇసుక కూడా అంతే. ఇసుకకు డబ్బు లేదు, ఎత్తినందుకు, మోసినందుకు, దింపినందుకు ఉంది. 99 రూపాయల క్వార్టరు గురించి నాకు చెప్పినవాళ్లందరూ పొరుగింటాయన తాగుతాడనే చెప్పారు కాబట్టి దాని మీద నమ్మదగిన అభిప్రాయం సేకరించలేకపోయాను.

బస్సు దగ్గర కాస్త ఆగాలి. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి మొదలై పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ డబ్బు పోయింది. కొండకు పోయే సప్తగిరి బస్సుకు మాత్రం వర్తించదన్నారు. కాళహస్తి శివుడి దగ్గరికి ఉచితం, పక్కనున్న కొండకు టికెట్. శైవ వైష్ణవ వివాదం ఇన్ని వందల ఏళ్ల తర్వాత ఆర్టీసీ డిపోలో మళ్లీ రాజుకుంటుందని ఎవరూ ఊహించలేదు. మగవాళ్ల స్పందన క్లుప్తంగా ఉంది: సీటు దొరకడం లేదు. ఊరికే తిరగడానికి బస్సెక్కుతున్నారని ఇంకో ఫిర్యాదు. అది చేసిన పెద్దమనిషి రోజూ సాయంత్రం లీలామహల్ సర్కిల్ దాకా ఊరికే తిరిగొస్తాడు, కాకపోతే స్కూటర్ మీద.

పుత్తూరు నుంచి గాంధీరోడ్డులో బట్టల షాపుకు పనికొచ్చే ఒకమ్మాయి చెప్పింది మాత్రం నాకు గట్టిగా గుర్తుండిపోయింది. నెలనెలా బస్సుకు పెట్టే డబ్బు మిగులుతోందట. ఇంట్లో చెప్పావా అంటే, 'చెప్తే అది మిగలదు గదన్నా' అంది. టీటీడీ తర్వాత మన జిల్లాలో మిగులు బడ్జెట్ నడుపుతున్నది నాకు తెలిసి ఆ పిల్లే. ఆర్థిక శాఖ ఇక్కడికొచ్చిన తొలిరోజునే ఆమెను సలహాదారుగా తీసుకోవాలి. జీతం ఎంతో ఇంట్లో చెప్పకూడదన్న షరతు మీద.

బస్సు ఉచితమైతే ఆటో ఎవరెక్కుతారు? ఆ నష్టానికి 2025 అక్టోబరు 4న ఆటోవాళ్ల ఖాతాల్లో ఏడాదికి 15,000 చొప్పున పడింది. అంటే బస్సు నడిపినందుకు ఆర్టీసీకి ప్రభుత్వం ఇవ్వాలి, బస్సు నడిచినందుకు ఆటోకూ ప్రభుత్వమే ఇవ్వాలి. ఈ వరసన చూస్తే ఆటో ఎక్కనందుకు నాకూ ఏదో రావాలి. రైల్వే స్టేషన్ దగ్గర ఒక ఆటో అతన్ని పట్టుకుని, పదిహేను వేలు పడ్డాయి గదా, అలిపిరికి ఓ ఇరవై తగ్గించు అన్నాను.

'అవి గవర్నమెంటు ఇచ్చింది సార్, మీరు ఇయ్యలేదు గదా.'

'నేను కట్టే పన్నులోంచే గదా గవర్నమెంటు ఇచ్చింది?'

'అయితే ఆ ఇరవై గవర్నమెంటునే అడగండి సార్.'

దీనికి జవాబు చెప్పగల ఆర్థికవేత్త ఎవరైనా ఉంటే అలిపిరి దాకా ఆటో ఖర్చు నాది.

ఈ వాదనంతా రాసి ఒక చిత్తూరు మిత్రుడికి చూపించాను. చూపించకుండా ఉండాల్సింది కాబోలు, భగ్గుమన్నాడు. 2022 ఏప్రిల్‌లో జిల్లాను కోసి తిరుపతిని వేరు చేసినప్పుడే కొండ, ఎయిర్‌పోర్టు, యూనివర్సిటీలు అన్నీ మీరే పట్టుకుపోయారు, ఆర్థిక శాఖైనా మాకొదలండప్పా అన్నాడు. మొదట మామిడి లెక్క చెప్పాడు. 2025లో తోతాపురి ధర పడిపోతే కిలోకు 12 రూపాయలని తేల్చారు, ఫ్యాక్టరీ 8 ఇస్తే ప్రభుత్వం 4 కలుపుతుందని. ఆ సీజనులో ట్రాక్టర్లు వరసకట్టి, కాయ మెత్తబడి, రైతులు రోడ్డు పక్కన పారబోసినవి నేనూ చూశాను. ఆ నాలుగు రూపాయల మీద వ్యంగ్యం రాసేంత చేవ నా కలానికి లేదు. తోటలే లేని మా బెంచీ సంఘం మాత్రం దాన్ని కూడా ఉచితాల ఖాతాలో రాసేసింది.

తర్వాత మిత్రుడు అసలు అస్త్రం తీశాడు. మన రాష్ట్రంలో పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, దాని పైన లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, ఇంకో రూపాయి రోడ్డు సెస్సు. సరిహద్దు దాటితే తమిళనాడులో లీటరు ఎనిమిది రూపాయలకు అటూఇటూ తక్కువ. చిత్తూరులో పరదరామి వైపు, పలమనేరులో కర్ణాటకలోని నంగలి వైపు బండి తిప్పనివాణ్ణి అమాయకుడంటారు. అక్కడ ట్యాంకు నింపుకుని, ఇక్కడికొచ్చి, ఈ రోడ్ల మీద సెస్సు ఏం చేస్తున్నారని నిలదీస్తారు. పన్ను ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో గీత గీసి చూపించగల జనం ఇంకెక్కడున్నారని అడిగాడు. ఒప్పుకోక తప్పలేదు.

'ఇంకోటి విను నైనా' అన్నాడు. 'ఆఫీసు మా దగ్గర పెడితే ఆర్థిక శాఖ జీపులన్నిటికీ డీజిలు అవతల తమిళనాడులోనే పోయించొచ్చు. ఖజానాకు ఎంత ఆదా!'